జీరో టికెట్ ఉంది, పనికి పోయే టైముకు బస్సు లేదు: మన దిక్కు ఆడవాళ్ల ప్రయాణం గురించి రాయండి

పత్తిచేను (దేవరకొండ దగ్గరి పల్లె)

అందరికీ నమస్తే. నేను మా ఊరి మహిళా సంఘాలకు వీవోఏగా (గ్రామ సంఘం పనులు చూసే సహాయకురాలిగా) పనిచేస్తున్నా. 2023 డిసెంబరు 9న తెలంగాణలో ఆడవాళ్లకు ఫ్రీ బస్సు ఇచ్చే మహాలక్ష్మి పథకం మొదలైనప్పటి నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మనకు టికెట్ పైసలు లేవు, జీరో టికెట్ కొట్టి ఇస్తారు. ఇది చిన్న విషయం కాదు. తల్లిగారింటికి పోవాలన్నా, కంటి డాక్టరు దగ్గరికి పోవాలన్నా ఇంట్లో పైసలు అడగాల్సిన పని తప్పిందని మా సంఘంలో ఎంతమంది చెప్పారో. కాబట్టి ఫ్రీ బస్సు కావాలా వద్దా అన్న పంచాయితీ ఇక్కడ పెట్టొద్దని ముందే కోరుతున్నా.

నేను అడిగేది వేరే. బస్సు ఏ పొద్దుకు వస్తున్నది? ఎక్కడికి పోతున్నది? మా ఊరికి పొద్దున ఎనిమిది దాటినంక ఒక ట్రిప్పు, సాయంత్రం ఒక ట్రిప్పు. అది మండలానికి పోతుంది, అక్కడి నుంచి హైదరాబాద్ బస్సు దొరుకుతుంది. పత్తి ఏరేవాళ్లు, మిరపకాయలు తెంపేవాళ్లు, నాట్లకు పోయేవాళ్లు ఆరు గంటలకల్లా బయటపడాలి. తండాల నుంచి సాగర్ ఆయకట్టు దిక్కు నాట్లకు పోయే గుంపులు ఇంకా ముందే లేస్తాయి. వాళ్లకు జీరో టికెట్ ఏం పనికొస్తుంది? వాళ్లు ఎక్కేది ట్రాలీ ఆటో, దానికి కూలిలో నుంచి పైసలు కట్టాలి.

మీ ఊళ్లల్లో ఏ టైముకు బస్సు లేక ఆడవాళ్లకు ఇబ్బంది అవుతున్నదో రాయండి. అన్నీ కలిపి సోమవారం ప్రజావాణిలో (అధికారులు జనం అర్జీలు తీసుకునే కార్యక్రమంలో) ఇద్దామని ఆలోచన.

పాలమూరు_లెక్చరర్ (మహబూబ్‌నగర్)

చెల్లె, మంచి పని మొదలుపెట్టావు. నా క్లాసుకు వచ్చే అమ్మాయిల నుంచి ఇదే మాట వింటున్నా. మన జిల్లాల రోడ్లు చూడండి. నల్లగొండ వాళ్లకు చౌటుప్పల్ మీదుగా, పాలమూరు వాళ్లకు జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా అన్నీ పట్నం దిక్కే. పొద్దున పట్నం పోయి రాత్రి తిరిగొచ్చే మనిషిని మనసులో పెట్టుకుని వేసిన టైంటేబుల్ అది. ఆ మనిషి ఎక్కువసార్లు మగవాడే.

ఆడమనిషి ప్రయాణం అట్లా ఉండదు. పిల్లను అంగన్‌వాడీలో దింపాలి, అత్తకు బీపీ మాత్రలు తేవాలి, బ్యాంకులో సంఘం కిస్తీ కట్టాలి, మధ్యాహ్నానికి ఇల్లు చేరాలి. మూడు నాలుగు చిన్న ప్రయాణాలు ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. అవి తరచూ అడ్డంగా పోతాయి: ఒక పల్లె నుంచి పక్క మండలంలోని ఇంకో పల్లెకు. అట్లాంటి దారిలో బస్సే ఉండదు. ఉన్నా పదకొండు నుంచి మూడు దాకా ఖాళీ. ఆడవాళ్ల పనులు ఎక్కువగా తెమిలేది సరిగ్గా ఆ టైములోనే.

ఆటో_అన్న (నకిరేకల్ వైపు)

అక్కలకు నమస్తే. నేను సర్వీస్ ఆటో నడుపుతా. ఫ్రీ బస్సు వచ్చినంక మా గిరాకీ బాగా పడిపోయింది. ఆటో కార్మికులకు ఏడాదికి 12,000 రూపాయలు ఇస్తామని ఎన్నికలప్పుడు కాంగ్రెస్ పార్టీ మాటిచ్చింది. ఫైనాన్స్ కిస్తీ కట్టలేక బండి అప్పజెప్పిన వాళ్లు నా పక్క స్టాండులోనే ఉన్నారు. ఇది కూడా రాసుకోండి.

ఇగ కూలీల ట్రిప్పు సంగతి. అది పొద్దున చీకట్లోనే ఉంటుంది. మేస్త్రి మనిషికి ఇంత అని మాట్లాడతాడు. ముగ్గురిని ఎక్కించుకోవాల్సిన బండిలో పది పన్నెండు మందిని ఎక్కిస్తేనే మాకు డీజిల్ పోను ఏమన్నా మిగులుతుంది. తప్పని తెలుసు. కానీ ముగ్గురితోనే పోతే వాళ్లు ఇచ్చే కిరాయికి నేను బండి తీయలేను, నేను అడిగే కిరాయి వాళ్లు ఇవ్వలేరు. పోలీసు ఫైన్ వేసినా ఆ లెక్క మారదు.

మిర్యాల_వకీలు

అన్నా, మీరు దాచకుండా చెప్పారు కాబట్టి నేనూ దాచకుండా చెప్తా.

2018 ఏప్రిల్‌లో పీఏ పల్లి మండలం వద్దిపట్ల దగ్గర మిరప కూలీలతో పోతున్న ట్రాక్టర్ ఏఎమ్మార్పీ సాగునీటి ప్రాజెక్టు కాల్వలో పడి తొమ్మిది మంది ఆడవాళ్లు చనిపోయారు. అదే ఏడాది జూన్‌లో వలిగొండ మండలం వేములకొండ దగ్గర మూసీ కాల్వలో ఇంకో ట్రాక్టర్ పడింది, పోయినవాళ్లలో ఎక్కువమంది కూలీ ఆడవాళ్లే. 2019 ఆగస్టులో మిడ్జిల్ మండలం కొత్తపల్లి దగ్గర కూలీల ఆటోను లారీ గుద్దింది, పది మందికి పైగా పోయారు. 2021 జనవరిలో పీఏ పల్లి మండలంలోనే అంగడిపేట స్టేజీ దగ్గర మళ్లీ అట్లాంటిదే, నాట్లు వేసి ఇంటికి వస్తున్న కూలీలు. ప్రతిసారీ డ్రైవర్ నిర్లక్ష్యం, అధిక లోడు అని రాశారు. ఆ పొద్దుకు ఆ దారిలో బస్సు ఉందా అని అడిగినవాళ్లు నాకు కనపడలేదు.

నష్టపరిహారం సంగతి ఇంకా కష్టం. ట్రాలీ ఆటో చట్టం ప్రకారం సరుకు బండి. సరుకు బండిలో ఊరికే ఎక్కించుకున్న మనుషులకు ఇన్సూరెన్స్ కంపెనీ బాధ్యత లేదని సుప్రీంకోర్టు 2002లోనే తేల్చింది. ట్రాక్టర్ ట్రైలర్‌లో కూలీలను తీసుకుపోయినా కంపెనీలు ఇదే వాదన తెస్తాయి. అప్పుడు బండి ఓనరే కట్టాలి. ఓనరంటే చాలాసార్లు మన ఆటో అన్నలాంటి మనిషే, అతని దగ్గర ఏముంటుంది? చనిపోయిన తల్లికి విలువ కట్టేటప్పుడు కూడా కూలి రోజులు, రశీదులు అడుగుతారు. ప్యాసింజర్ ఆటో అయితే కొంత నయం, అది కూడా బండికి అనుమతి ఉన్నంత మంది లెక్కకే. కాబట్టి పొద్దుటి బస్సు అడగడమంటే ప్రాణాల గురించి అడగడం. అర్జీలో ఈ నాలుగు ప్రమాదాల పేర్లు తప్పకుండా రాయండి.

గద్వాల_రైతు

అందరి బాధా నిజమే కానీ ఇంకో మాట కూడా వినాలి. పైసలు పెట్టి టికెట్ కొన్న ముసలాయన గంటన్నర నిలబడి పోతున్నాడు. బస్సులు పెంచకుండా ఫ్రీ ఇస్తే ఎక్కేవాళ్లకూ నరకమే, దిగేవాళ్లకూ నరకమే. మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఫ్రీ అయినా ఆ రద్దీలో ఎక్కలేక ఇంట్లోనే ఉంటున్నది.

కండక్టరమ్మ (రిటైర్డ్)

తమ్ముడూ, నీ మాటలో తప్పు లేదు. ఆ రద్దీని నేను సర్వీసు చివర్లో కళ్లారా చూశా. డోరు దగ్గర నుంచి డ్రైవరు సీటు దాకా చేరాలంటేనే రెండు స్టేజీలు దాటిపోయేవి. కానీ ఆ జనాన్ని చూసి నాకు ఇంకోటి కూడా అర్థమైంది. ఇంతమంది ఆడవాళ్లకు బయట పనులు ముందు నుంచీ ఉన్నాయి, చేతిలో పైసలు లేక ఆగిపోయారు, అంతే. 2025 జూలై నాటికి ఉచిత ప్రయాణాలు 200 కోట్లు దాటాయని ప్రభుత్వం చెప్పింది. కొత్త బస్సులు ఆ మేరకు రాలేదు. అడగాల్సింది అది.

డిపోలో ఏ ట్రిప్పు ఉంచాలి, ఏది తీసేయాలి అని ఎట్లా చూస్తారో చెప్తా, అర్జీకి పనికొస్తుంది. రెండు లెక్కలుంటాయి. సీట్లకు ఎంత శాతం జనం ఎక్కారన్నది ఓఆర్. కిలోమీటరుకు ఎంత ఆదాయం వచ్చిందన్నది ఈపీకే. జీరో టికెట్‌కు ప్రభుత్వం పైసలు కడుతుంది కాబట్టి అది కూడా లెక్కలోకి వస్తుంది. అందుకే కండక్టర్ జీరో టికెట్ కొట్టి ఇస్తే తప్పకుండా తీసుకోండి, దిగేదాకా దగ్గర పెట్టుకోండి. "ఫ్రీయే కదా, టికెట్ ఎందుకు" అని వద్దనేవాళ్లు చాలామంది. ఆ టికెట్ లేకపోతే ఆ దారిలో మీరు ప్రయాణం చేసినట్టే కాగితం మీద ఉండదు. రేపు ఆ ట్రిప్పు తీసేయడానికి అదే కారణం అవుతుంది.

ఇంకొకటి, నైట్ హాల్ట్ బస్సులు. రాత్రి ఆఖరి ట్రిప్పు ఊళ్లోనే ఆగి, పొద్దున ఐదింటికి అక్కడి నుంచే బయలుదేరే బస్సు. కూరగాయల గంపలతో రైతుబజారుకు పోయే ఆడవాళ్లు, పాలు అమ్మేవాళ్లు, కూలీలు అందరూ దాని మీదే ఆధారపడేవాళ్లు. నైట్ హాల్ట్ ఎత్తేసిన ఊళ్లో పొద్దుటి ట్రిప్పు కూడా పోయినట్టే, ఎందుకంటే డిపో నుంచి ఖాళీ బస్సును అంత పొద్దున అంత దూరం పంపరు. కొత్త ట్రిప్పు కావాలని అడిగే బదులు మా నైట్ హాల్ట్ మాకు తిరిగి ఇవ్వండి అని అడగండి. పాత సర్వీసు రికార్డు డిపోలో ఉంటుంది, కాదనడం కష్టం.

అయితే సిబ్బంది సంగతి కూడా చూడాలి. రాత్రి ఆగే ఊళ్లో పడుకోవడానికి గది, బాత్రూం లేకపోతే ఎవరు పోతారు? 2019 డిసెంబరులో, ఆర్టీసీ సమ్మె ముగిసినంక, మహిళా ఉద్యోగులకు రాత్రి ఎనిమిది దాటి డ్యూటీలు వేయొద్దని అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ చెప్పారు. మాకు మేలే జరిగింది. కానీ బస్టాండ్లల్లో, పల్లె చివరి స్టేజీల్లో మాకు ఒక శుభ్రమైన బాత్రూం అన్న కోరిక మాత్రం చాలా చోట్ల తీరలేదు. డ్యూటీలో నీళ్లు తాగకుండా రోజంతా గడిపిన కండక్టర్లను నేనెరుగుదును, ఆ తర్వాత కిడ్నీలో రాళ్లతో తిరిగినవాళ్లనూ చూశా. ప్రయాణికులకైనా అంతే. గ్రామ పంచాయతీ ఒక గది, బాత్రూం ఇస్తామని తీర్మానం చేసి అర్జీకి జత చేస్తే నైట్ హాల్ట్ తిరిగి రావడానికి చాలా బలం వస్తుంది.

పత్తిచేను

అక్కా, ఇది మాకు ఎవరూ చెప్పలేదు. చాలా సంతోషం. తీర్మానం సంగతి మా పంచాయతీలో రేపే మాట్లాడతా.

డిగ్రీ_సెకండియర్ (నాగర్‌కర్నూల్ వైపు)

నేను కూడా రాయొచ్చా? మాకు ల్యాబ్ ఉన్న రోజు నాలుగున్నర అవుతుంది. ఆ తర్వాత బస్సు ఆరు దాటాకే. రోడ్డు మీద స్టేజీలో దిగి లోపలికి రెండు కిలోమీటర్లు నడవాలి. స్టేజీలో లైటు లేదు. చలికాలంలో పూర్తిగా చీకటి పడుతుంది. నాన్న పొలం నుంచి వచ్చి బండి మీద తీసుకుపోవాలి, ఆయనకు రోజూ కుదరదు. అందుకే ల్యాబ్ మానేయమంటున్నారు. నాతో ఇంటర్ చదివిన ఇద్దరు చదువే మానేశారు, వాళ్లకు పెళ్లిళ్లు అయిపోయాయి.

రద్దీలో ఆనుకుని నిలబడేవాళ్ల టెన్షన్ ఒకటి. పొద్దున కాలేజీ టైములో బస్సు నిండిపోయి ఉంటుంది. ఎవరు ఏం చేశారో చెప్పలేం. ఇంట్లో చెప్తే కాలేజీ మానిపిస్తారని చెప్పం. ఇది నా ఒక్కదాని సంగతి కాదు.

కండక్టరమ్మ (రిటైర్డ్)

బిడ్డా, కండక్టరుకు గట్టిగా చెప్పు. "స్త్రీలను గౌరవించడం మన సాంప్రదాయం" అని బస్సులో రాసి పెట్టింది అందరికీ కనపడాలనే. బస్సును నేరుగా పోలీస్ స్టేషన్ ముందు ఆపించిన రోజులు నాకున్నాయి. ఒక్కసారి ఆపితే ఆ దారిలో చాలా కాలం దాకా ఎవరూ చెయ్యి వేయరు. రాత్రి ప్రయాణానికి పోలీసుల టీ-సేఫ్ కూడా ఉంది, స్మార్ట్‌ఫోన్ లేకపోయినా 100కు ఫోన్ చేసి 8 నొక్కితే ప్రయాణం అయ్యేదాకా కనిపెట్టి ఉంటారు.

ఇంకో మాట. హైదరాబాద్ సిటీ బస్సుల్లో రాత్రి ఏడున్నర దాటితే ఆడవాళ్లు అడిగిన చోట ఆపాలని ఆర్టీసీ చెప్పింది. మన పల్లెవెలుగులో కూడా చీకటి పడ్డాక స్టేజీలో కాకుండా ఊరి మలుపు దగ్గర, ఇళ్లున్న చోట దింపాలని అర్జీలో రాయండి. దీనికి పైసా ఖర్చు లేదు.

పాలమూరు_లెక్చరర్

నాగర్‌కర్నూల్ చెల్లీ, ల్యాబ్ మానకు. మీ ప్రిన్సిపాల్‌తో ఒక లెటర్ రాయించు, కాలేజీ లెటర్‌హెడ్ మీద టైమింగ్స్ పెట్టి అడిగితే డిపోలో తప్పకుండా చూస్తారు. ల్యాబ్‌ను పొద్దుటి పూటకు మార్చమని కూడా అడగొచ్చు, బస్సు రాకపోతే టైంటేబులే బస్సును చూసి మారాలి.

బీహార్‌లో 2006లో తొమ్మిదో తరగతి అమ్మాయిలకు సైకిల్ కొనుక్కోవడానికి ప్రభుత్వం పైసలు ఇచ్చింది. ఆ తర్వాత హైస్కూల్లో చేరే అమ్మాయిలు దాదాపు మూడో వంతు పెరిగారని పరిశోధకులు లెక్క తేల్చారు, బడి దూరంగా ఉన్న ఊళ్లల్లోనే ఎక్కువ మేలు జరిగింది. అంతకు ముందు 1990ల మొదట్లో తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యత ఉద్యమంతో పాటు వేల మంది ఆడవాళ్లు సైకిల్ నేర్చుకున్నారు. క్వారీల్లో రాళ్లు కొట్టే కూలీలు, అంగన్‌వాడీ టీచర్లు, అందరూ. అందరూ కలిసి ఒకేసారి తొక్కుతుంటే ఎగతాళి చేసేవాళ్లు కూడా తగ్గిపోయారు. స్టేజీ నుంచి ఊరికి ఆ రెండు కిలోమీటర్లకు సైకిలు, దాన్ని పెట్టుకోవడానికి స్టేజీ దగ్గర ఒక షెడ్డు అడిగితే తప్పేంది?

నల్లమల_ఆశ (అమ్రాబాద్ వైపు)

నెట్ సరిగ్గా లేదు, క్లుప్తంగా రాస్తా. గర్భిణులను చెకప్‌కు తీసుకుపోయి దింపడానికి 102 అమ్మ ఒడి బండి వస్తుంది, అది మంచిదే. కానీ అడవి లోపలి చెంచు పెంటల (చెంచుల గూడేల) దాకా రాదు. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర శ్రీశైలం రోడ్డు రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మూసి ఉంటుంది, అడవి జంతువుల కోసం. అది అవసరమే. ఆస్పత్రి బండ్లను వదులుతారు, కానీ బండి దాకా రావడమే కష్టం. ఏడో నెల దాటిన వాళ్లను ముందే ఊళ్లోకి తెచ్చి ఉంచడానికి ఒక చోటు కావాలి.

ఇంకొకటి, బస్సు మొదటి మెట్టు. అది చాలా ఎత్తు. నిండు గర్భిణి, బిడ్డను ఎత్తుకున్న తల్లి, చీర కట్టుకున్న ముసలమ్మ ఎట్లా ఎక్కాలి? కింద ఇంకో మెట్టు వేయించమని రాయండి.

గద్వాల_రైతు

నల్లమల అక్క చెప్పిన మెట్టు మా అమ్మకు కూడా కావాల్సిందే. నా వైపు నుంచి కూడా రాయండి.

పట్నం_తమ్ముడు (హైదరాబాద్, సొంతూరు కల్వకుర్తి వైపు)

నేను రవాణా ప్లానింగ్‌లో పనిచేస్తున్నా. ఒక విషయం చెప్పాలి, ఎందుకంటే దాంతో చాలా వరకు అర్థమవుతుంది. 2011 జనాభా లెక్కల్లో పనికి ఎంత దూరం పోతున్నారు, దేని మీద పోతున్నారు అని అడిగారు. కానీ ఆ లెక్క వేసింది 'ఇతర పనివారికి' మాత్రమే. రైతులు, వ్యవసాయ కూలీలు అందులో లేరు. అంటే దేవరకొండ తండా నుంచి మిరప చేనుకు పోయే ఆడమనిషి ప్రయాణం ఆ లెక్కల కాగితం మీద లేదు. ఆఫీసులో కూర్చుని మేం మ్యాపు గీసేటప్పుడు ఆ గీత ఉండదు. గీత లేని చోట బస్సు ఎట్లా వస్తుంది? అందుకే మీరు ఊరూరా టైములు సేకరించడం ఎంత విలువైన పనో మీకు చెప్పాలనిపించింది.

వేరే దేశాల్లోనూ ఇదే కథ. పాకిస్తాన్‌లోని లాహోర్‌లో పరిశోధకులు ఇంటి నుంచి పనిచోటికి బండి ఏర్పాటు చేసి చూశారు. ఆడవాళ్లకు మాత్రమే అన్న బండి ఉన్నప్పుడు ఉద్యోగాలకు వాళ్ల దరఖాస్తులు రెట్టింపుకు పైగా పెరిగాయి. అందరూ ఎక్కే బండి ఇచ్చినప్పుడు తేడా రాలేదు. మన దగ్గర జీరో టికెట్ ఖర్చు భారం తీసేసింది. మిగిలింది టైము, భద్రత, స్టేజీ నుంచి ఇంటి దాకా ఉండే దూరం.

ఒక సలహా: అర్జీలో 'బస్సు కావాలి' అని రాయకండి. ఏ ఊరు నుంచి ఏ ఊరికి, ఏ నెలల్లో, ఎన్ని గంటలకు, సుమారు ఎంతమంది అని రాయండి. పత్తి, మిరప, నాట్ల సీజన్లు వేరు వేరు. ఏడాదంతా ఆ ట్రిప్పు అక్కర్లేదు, సీజన్ ట్రిప్పు అంటే డిపోకు ఒప్పుకోవడం సులువు. జాతరలకు స్పెషల్ బస్సులు వేసే ఏర్పాటు ఎట్లాగూ ఉంది కదా.

పత్తిచేను

తమ్ముడూ, సీజన్ ట్రిప్పు మాట చాలా బాగుంది. ఇంకో ఆలోచన ఉంది, వకీలు సారు చెప్పాలి. 2025 మార్చి 8న మండల మహిళా సమాఖ్యల బస్సులు ఆర్టీసీకి అద్దెకు ఇవ్వడం మొదలైంది, మొదటి విడత 150 బస్సులు. ఒక్కో బస్సుకు నెలకు 77,220 రూపాయల అద్దె అన్నారు. బస్సు సంఘం ఆడవాళ్లది. అలాంటప్పుడు అది పొద్దుటి కూలీల ట్రిప్పు కొట్టాలని సమాఖ్య అడగొచ్చా?

మిర్యాల_వకీలు

అద్దె బస్సు కాబట్టి రూటు, టైము ఆర్టీసీ చేతిలోనే ఉంటాయి, సమాఖ్య తనంతట తాను మార్చలేదు. కానీ బస్సు ఓనరుగా రాతపూర్వకంగా కోరడానికి ఏ అడ్డూ లేదు. మండల సమాఖ్య తీర్మానం చేసి డిపో మేనేజర్‌కు, రీజినల్ మేనేజర్‌కు, కలెక్టర్‌కు ముగ్గురికీ ఇవ్వండి. కాగితం ఇచ్చినప్పుడు నకలు మీద ముద్ర వేయించుకోండి. అది లేకపోతే రేపు అడగడానికి ఆధారం ఉండదు.

ఆటో_అన్న

నాది ఒక్క మాట, అక్కా. బస్సు ప్రతి తండాకు రాదు, కొన్ని చోట్ల రోడ్డే లేదు. తండా నుంచి స్టేజీ దాకా మేం తీసుకొస్తాం. ముగ్గురో నలుగురో, ఎక్కువ వద్దు. ట్రిప్పుకు ఇంత అని మాకు ప్రభుత్వమే కట్టిస్తే అక్కలకూ భారం లేదు, మాకూ గిరాకీ ఉంటుంది. మా యూనియన్‌తో మాట్లాడి అర్జీ మీద సంతకాలు పెట్టిస్తా.

పత్తిచేను

అన్నా, ఈ మాట అర్జీలో మొదటి పేజీలోనే పెడతా. మీరు, మేము కొట్లాడుకుంటున్నామని అందరూ రాస్తున్నారు, కలిసి అడిగితే వేరేగా ఉంటుంది.

ఇప్పటికి అనుకున్నవి: నైట్ హాల్ట్‌లు తిరిగి వేయడం, పంచాయతీ గది తీర్మానం, సీజన్ ట్రిప్పులు, ల్యాబ్ టైముకు సాయంత్రం బస్సు, చీకటి పడ్డాక ఇళ్ల దగ్గర దింపడం, కింద ఒక మెట్టు, స్టేజీల్లో లైటు, తండాలకు ఆటో. మధ్యాహ్నం ట్రిప్పు కూడా చేర్చా, లెక్చరర్ మేడమ్ చెప్పినట్టు. ఆదివారం రాత్రి దాకా ఊళ్ల పేర్లు, టైములు పంపండి.

గద్వాల_రైతు

మా మండలంలో ఉల్లి పీకే రోజుల్లో, మిరప రోజుల్లో ఎక్కే టైము పొద్దున ఐదున్నర, తిరిగొచ్చేది సాయంత్రం ఆరు. సంత రోజు మధ్యాహ్నం ఒంటిగంటకు ఇంకో ట్రిప్పు. ఊరి పేరు, మనుషుల లెక్క మీకు విడిగా మెసేజ్ చేస్తున్నా. మా అమ్మ వేలిముద్ర కూడా వేస్తానంటున్నది.